చెవిలో హోరు - చీనా సూదివైద్యము

బయట ఏ చప్పుడును లేనపుడు చెవిలో చప్పుడు వినిపించుట మానవులకు చిరకాలముగా తెలిసిన బాధ. ఒకరికి అది కీచురాయి రొదవలె నుండును. మరియొకరికి తుమ్మెద ఝంకారముగను, వేరొకరికి కడలి హోరుగను తోచును. ఆయుర్వేదము దీనికి కర్ణనాదమని పేరిడినది. సుశ్రుతసంహిత చెవిరోగములను 28 విధములుగ లెక్కించి, అందు కర్ణనాదమును ప్రత్యేకముగ చెప్పినది. ఆధునిక వైద్యులు దీనిని టినిటస్ అందురు. 2022లో వెలువడిన ఒక విపులమైన సమీక్ష అనేక దేశముల అధ్యయనములను కూర్చి చూచి, వయోజనులలో నూటికి సుమారు 14 మంది ఈ హోరును ఎరుగుదురనియు, సుమారు ఇద్దరికి అది తీవ్రమైన బాధయై యుండుననియు తేల్చినది.

ఇంతమందిని పట్టి పీడించు బాధకు నిశ్చయముగ మాన్పు మందు ఇంకను లేదు. మందు లేనిచోట వైద్యములు పెక్కు పుట్టును. వానిలో నేడు ఎక్కువగ వినవచ్చునది చీనా దేశపు సూదివైద్యము, అనగా ఆక్యుపంక్చర్; దానితోపాటు చీనా మూలికల మాత్రలు. సన్నని సూదులను చెవి చుట్టును, చేతులపైనను, కాళ్లపైనను గ్రుచ్చినచో హోరు అణగునని దానిని చేయువారు చెప్పుదురు. ఈ మాట ఎంతవరకు నిజము? ఈ ప్రశ్న పండితుల వాదమునకు మాత్రమే సంబంధించినది కాదు. బాపట్లకును చీరాలకును నడుమ, విజయవాడ-గూడూరు రైలుమార్గముపై, స్టూవర్టుపురమను గ్రామము కలదు. సుమారు 1913లో ఎరుకలవారికై నాటి మద్రాసు ప్రభుత్వము సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగ ఏర్పరచిన ఈ నివాసమునకు, ఆ ప్రభుత్వములోని హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టబడినది. అట్టి ఊరిలో కూలిపని చేసి బ్రతుకు మనుష్యునికి చెవిలో హోరు పట్టినదనుకొందము. పది పండ్రెండు మార్లు సూదులు వేయించుకొనవలెనని ఎవరైన చెప్పినచో, పట్టణమునకు పోయిన ప్రతి దినమును ఒక దినపు కూలి పోవును. రైలు ఖర్చు, వైద్యుని రుసుము వేరు. కనుక ఈ వైద్యమును పరీక్షించి చూచుట ఆ మనుష్యుని పట్ల తీర్చవలసిన బాధ్యత.

హోరు ఎచట పుట్టును?

చెవి లోపల నత్తగుల్లవలె చుట్టుకొనిన కర్ణావర్తమను భాగము కలదు. అందు సుమారు 15,000 రోమకణములు వరుసలుగ అమరియుండును. శబ్దతరంగములు చేరినపుడు ఈ కణములు కదలి, ఆ కదలికను విద్యుత్సంకేతములుగ మార్చి శ్రవణనాడి ద్వారా మెదడునకు పంపును. పెనుశబ్దముల వలనను, వయస్సు మీరుట వలనను, కొన్ని మందుల వలనను ఈ కణములు చచ్చును. మానవునిలో చచ్చినవి మరల మొలకెత్తవు.

కణములు చచ్చినచో చెవిటితనము కలుగవలెను గాని శబ్దము ఎట్లు వినిపించునని పాఠకులు అడుగవచ్చును. దీనికి నేటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది చెప్పు సమాధానమిది. చెవినుండి రావలసిన సంకేతములు తగ్గినపుడు మెదడులోని శ్రవణకేంద్రములు, దూరపు స్టేషను సరిగా వినబడనపుడు మనము రేడియో ధ్వనిని పెంచునట్లు, తమ గ్రహణశక్తిని పెంచుకొనును. అట్లు పెంచిన రేడియోలో పాటతోపాటు బరబర చప్పుడును పెరుగును. ఆ బరబరయే హోరు. చెవి కణితిని తీయుటలో శ్రవణనాడిని కోసివేసిన తరువాత కూడ అనేకులలో హోరు నిలిచియుండుట ఈ అభిప్రాయమునకు బలమిచ్చుచున్నది. హోరు చెవిలో ఆరంభమైనను, కాపురముండునది మెదడులో.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అను ఇద్దరు అమెరికా పరిశోధకులు వినికిడి చక్కగనున్న 80 మందిని చప్పుడు చొరని గదిలో కొన్ని నిమిషములు కూర్చుండబెట్టి, ఏమి వినిపించుచున్నదని అడిగిరి. నూటికి 94 మంది ఏదియో ఒక రొద వినిపించుచున్నదనిరి. అనగా కొంత హోరు దాదాపు అందరిలోను ఉన్నది. లోకపు సందడి దానిని కప్పివేయుచున్నది. బాధపడువానికిని పడనివానికిని గల భేదము హోరు బిగ్గరతనములో మాత్రమే లేదు. మనస్సు దానిపై నిలుచుటలో కూడ కలదు. అందుచేతనే అది రాత్రివేళ, ఒంటరితనములో, దిగులులో పెరుగును. పనిలోను మాటలలోను మరుగుపడును. ఈ స్వభావమును గుర్తుంచుకొనినగాని సూదివైద్యమును సరిగ తూచుట సాధ్యము కాదు.

చీనా వైద్యులు చెప్పునది

చీనా వైద్యమునకు మూలగ్రంథముగ ఎన్నబడు హువాంగ్‌ది నైజింగ్ రెండువేల యేండ్లకు పూర్వపుది. ఆ సంప్రదాయము ప్రకారము దేహములో 'చి' అను ప్రాణశక్తి కొన్ని మార్గముల వెంబడి ప్రవహించును. ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క ద్వారము. మూత్రపిండమునకు ద్వారము చెవి. మూత్రపిండసారము క్షీణించినచో నెమ్మదిగా, సన్నగా కీచురాళ్ల రొదవంటి హోరు పుట్టును. కోపము వలన కాలేయములో అగ్ని రేగినచో హఠాత్తుగా పెద్ద హోరు లేచును. వైద్యుడు నాడిని, నాలుకను చూచి ఏ విధమైనదో నిర్ణయించి సూదులు వేయును. చెవి ముందరి ఒక స్థానమునకు 'తింగ్‌గుంగ్', అనగా వినికిడి మందిరమని పేరు. చెవితమ్మె వెనుక స్థానమునకు 'యిఫెంగ్', అనగా గాలిమాటు. మాత్రలలో ప్రసిద్ధమైనది 'అర్‌లుంగ్ జువోసి వాన్'. అందు కొన్ని మూలికలతోపాటు అయస్కాంతపు ఇనుపరాయి పొడి చేరును.

దీనిని అపహసించుట తగదు. నెమ్మదిగా ముదిరిన సన్నని హోరునకును, హఠాత్తుగా వచ్చిన పెద్ద హోరునకును భేదము చూపుట మంచి పరిశీలన. నేటి వైద్యుడును రోగిని మొదట అడుగు ప్రశ్నలలో అది యొకటి. ఆందోళనకును హోరునకును గల సంబంధమును పూర్వులు కనిపెట్టిరి. చూచినది సరియే, కారణమును ఊహించుటలో మాత్రము వారికి చెవి లోపలి నిర్మాణము తెలియదు. కర్ణావర్తమును సూక్ష్మదర్శినితో చూచుట పందొమ్మిదవ శతాబ్దిలో గాని సాధ్యము కాలేదు. మన ఆయుర్వేదము ఇదే హోరునకు వాతము కారణమని చెప్పి చెవిలో తైలము పోయించినది. ఒకే బాధకు ఒక ప్రాచీన శాస్త్రము మూత్రపిండమును, మరియొకటి వాతమును కారణముగ చూపినపుడు, ప్రాచీనత ఒక్కటే ప్రమాణమైనచో రెండింటిలో దేనిని నమ్మవలెను?

చీనా సిద్ధాంతమును సమర్థించువారు ఇచట ఒక వాదము తెత్తురు. జెంటామైసిన్ వంటి మందులు చెవిని, మూత్రపిండమును రెండింటిని చెరచును. ఆల్‌పోర్ట్ వ్యాధియను వంశపారంపర్య రోగములో మూత్రపిండములు చెడుటతోపాటు వినికిడియు తగ్గును. కావున పూర్వుల మాట రుజువైనదని వారందురు. ఈ వాదము చూపునకు ఇంపుగనున్నను నిలువదు. ఆల్‌పోర్ట్ వ్యాధిలో కొల్లాజెన్ అను మాంసకృత్తు లోపించును. అది రెండు అవయవముల పొరలలోను ఉండుటచే రెండును చెడును. ఆ మందులు రెండుచోట్ల కణములలోనికి చొరబడి పేరుకొనుటచే రెండింటికిని హాని కలుగును. ఇందు ఒక అవయవము మరియొకదానికి ద్వారమను మాటకు ఆధారము లేదు. అంతేగాక చీనా గ్రంథములు మూత్రపిండమను పేరుతో చెప్పునది ఎముకలను, వెండ్రుకలను, సంతానశక్తిని, భయమును కూడ ఏలు ఒక తత్త్వము. నేటి వైద్యుడు చూపు అవయవము కాదు. చివరకు, హోరుతో బాధపడువారిలో అత్యధికులకు మూత్రపిండములు చక్కగానే పనిచేయుచుండును.

ప్రచారము నడచిన త్రోవ

సూదివైద్యము చీనాలో ఎన్నడును ఎదురులేక సాగినదని తలచుట పొరపాటు. 1822లో చీనా చక్రవర్తి దావోగ్వాంగ్ రాజవైద్యశాలలో దీనిని నిషేధించెను. 1949 తరువాత, ఆధునిక వైద్యులు చాలక గ్రామములు అల్లాడుచున్న కాలములో, కమ్యూనిస్టు ప్రభుత్వము సంప్రదాయవైద్యమును చేరదీసి, క్రమపరచి, కళాశాలలలో పెట్టినది. 1971లో పెకింగులో అపెండిక్సు శస్త్రచికిత్స చేయించుకొనిన అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్, తరువాతి కడుపు ఇబ్బందికి తనకు సూదులు వేసిరని వ్రాయగా పడమటి దేశములలో దీనిపై మోజు పుట్టినది.

మన దేశమునకు ఇది స్నేహము వెంట వచ్చినది. 1938లో జపానుతో పోరుచున్న చీనాకు భారత జాతీయ కాంగ్రెసు పంపిన ఐదుగురు వైద్యులలో కోట్నీస్ అచటనే 1942లో మరణించెను. ఆ ఐదుగురిలో నొకడైన విజయకుమార్ బసు తరువాత చీనాలో సూదివైద్యము నేర్చి 1959లో కలకత్తాలో దానిని ఆరంభించెను. పశ్చిమ బెంగాలు 1996లోను, మహారాష్ట్ర 2015లోను దీనికై చట్టములు చేసినవి. చట్టము వైద్యుని నమోదు చేయగలదు. మందు పనిచేయునని రుజువు చేయజాలదు.

చెవి విషయములో మరువరాని ఘట్టమొకటి కలదు. 1968లో, చీనా సాంస్కృతిక విప్లవము నడుచు దినములలో, జిలిన్ రాష్ట్రపు లియావ్‌యువాన్ బధిరపాఠశాలలో సైనిక వైద్యబృందమొకటి మెడ వెనుక లోతుగ సూదులు గ్రుచ్చి చెవిటిపిల్లలకు వినికిడి తెప్పించినదని ఘనముగ ప్రకటింపబడినది. ఆ వార్త దేశదేశములకు ప్రాకినది. 1970 దశకములో అమెరికాలో తల్లిదండ్రులు తమ చెవిటిపిల్లలను సూదివైద్యుల వద్దకు తీసికొనిపోయిరి. వైద్యమునకు ముందును తరువాతను ఆడియోమీటరుతో వినికిడిని కొలిచి చూడగా మార్పు కనబడలేదు. చెవిటితనమును కొలుచుటకు యంత్రమున్నది కనుక ఆ ప్రచారము త్వరలోనే అణగినది. హోరును కొలుచుటకు అట్టి యంత్రము లేదు. సూదివైద్యుల వాదము చెవిటితనమును విడిచి హోరును పట్టుకొని నిలుచుటకు ఇదియొక ముఖ్యకారణమని చెప్పవచ్చును.

పరీక్షలో తేలినది

హోరు రోగి ఒక్కడే వినునది. తగ్గినదో పెరిగినదో అతడు చెప్పవలసినదే. పైగా అది తనంతట తానే హెచ్చుతగ్గులగుచుండును. రోగి సాధారణముగ మిక్కిలి బాధగ నున్న దినములలో వైద్యుని చేరును. కొన్ని వారములు గడచునప్పటికి ఏ వైద్యమును చేయకున్నను కొంత తెరపి కలుగుట సహజము. ఆ మధ్యకాలములో సూదులు వేసినచో యశము సూదికి దక్కును. వైద్యుడు అరగంట ఓపికగ కూర్చుండి మాటలాడుట, ప్రశాంతముగ పండుకొనుట, బాగుపడుదునను ఆశ - ఇవియు హోరును మరపించును. అందుచేత 'నాకు తగ్గినది' అను రోగి మాట అబద్ధము కాదు. సూదివలన తగ్గినదనుటకు మాత్రము అది చాలదు.

ఈ చిక్కును విడదీయుటకు ఒకే మార్గము కలదు. రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగ విభజించి, ఒక జట్టునకు నిజమైన సూదివైద్యమును, రెండవదానికి ఉత్తుత్తి వైద్యమును చేసి, ఎవరికి ఏది జరిగినదో రోగికి తెలియనీయకుండుట. 1998లో జర్మనీలో నాటకపు కత్తివంటి సూది యొకటి తయారైనది. దాని మొన మొండిది. నొక్కినపుడు పిడిలోనికి జారును. గ్రుచ్చుకొనినట్లు రోగికి తోచును గాని చర్మములో దిగదు.

2000లో పార్క్, వైట్, ఎర్నెస్ట్ అను పరిశోధకులు హోరునకు సూదివైద్యముపై అప్పటివరకు జరిగిన ఆరు పరీక్షలను పరిశీలించిరి. రోగికి సంగతి తెలిసిన రెండు పరీక్షలలో సూది గెలిచినది. తెలియకుండ చేసిన నాలుగింటిలో నిజపు సూదికిని ఉత్తుత్తిదానికిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 2012లో మరియొక బృందము తొమ్మిది పరీక్షలను చూచి, వాని సంఖ్యయు, పరిమాణమును, నాణ్యమును నిర్ణయమునకు చాలవని వ్రాసినది. 2014లో అమెరికా చెవి-ముక్కు-గొంతు వైద్యసంఘము తన మార్గదర్శకములలో సూదివైద్యమును చేయుమనియు చెప్పలేదు, వలదనియు చెప్పలేదు. ఆధారము చాలదని వదలినది.

చీనాలో అచ్చైన పరీక్షలు చాలవరకు సూదిని మెచ్చుకొనుచున్నవి కదాయని అడుగవచ్చును. 1998లో వికర్స్ మొదలగువారు దేశములవారీగ సూదివైద్య పరీక్షలను లెక్కవేయగా, చీనానుండి వచ్చినవన్నియు అనుకూలముగానే తేలినవి. ఏ దేశములోనైనను తరగతిలోని పిల్లలందరును ప్రతి పరీక్షలోను ఉత్తీర్ణులైనచో, పిల్లల తెలివిని మెచ్చుకొనుటకు ముందు ప్రశ్నపత్రమును చూడవలెను. ఆ పరీక్షలలో పెక్కింట ఉత్తుత్తి సూది లేదు. సూదిని పోల్చినది ఏదియో ఒక మందుతో. హోరుపై పనిచేయునని రుజువుకాని మందును ఓడించుట గెలుపు కాదు.

మూలికల కథయు ఇట్టిదే. చీనా వృక్షమైన గింకో ఆకుల సారము హోరునకు మందుగ లోకమంతట అమ్ముడగుచున్నది. బ్రిటన్‌లో 1,121 మందిపై పండ్రెండు వారములు జరిపిన పరీక్ష 2001లో వెలువడినది. గింకో ఉత్తుత్తి మాత్రను మించలేదు.

న్యాయముగ మరియొక మాట చెప్పవలెను. కొందరు దవడ బిగించినపుడు, మెడ త్రిప్పినపుడు వారి హోరు మారును. ముఖమునుండి, మెడనుండి వచ్చు నాడులు మెదడు కాండములో శ్రవణమార్గముతో కలియుటయే దీనికి కారణము. కావున చెవి చుట్టును గ్రుచ్చిన సూది కొందరిలో తాత్కాలికముగ మార్పు తెచ్చుట అసంభవము కాదు. ఉత్తుత్తి సూది తాకుడుకును కొంత ప్రభావముండవచ్చునని సూదివైద్యులు చేయు ఆక్షేపణలోను సారము కలదు. అయినను ఆ మాటను అంగీకరించినచో, సూది దిగినను దిగకున్నను ఒకే ఫలమని అంగీకరించినట్లగును. అప్పుడు చి, దాని మార్గములు, స్థానముల పట్టిక, అన్నియు అనవసరమగును. చీనా వైద్యమునుండి నిజమైన ఔషధము ఎట్లు వెలువడునో తూ యూయూ చూపినది. పాతగ్రంథములలోని మాచిపత్రి జాతి మొక్కను పట్టుకొని, 1972 ప్రాంతమున అందలి సారమును వేరుచేసి, పరీక్షకు నిలిపి, మలేరియాకు ఆర్టిమిసినిన్ అను మందును లోకమునకిచ్చిన ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించినది. హోరునకు సూది ఇంతవరకు అట్టి పరీక్షలో నెగ్గలేదు.

పోవునది డబ్బు మాత్రమే కాదు

నిరపాయమైన వైద్యమే కదా, చేయించుకొనిన తప్పేమని కొందరందురు. శుభ్రమైన సూదులతో శిక్షణ పొందినవారు చేసినచో ప్రమాదములు అరుదన్న మాట నిజమే. కాని శుభ్రపరచని సూది రక్తమున వ్యాపించు రోగములను మోయును. రొమ్ముపై లోతుగ దిగిన సూది ఊపిరితిత్తిని చిల్లుపరచిన సంఘటనలు కలవు. మూలికలు ప్రకృతిసిద్ధములు కనుక హానిచేయవను నమ్మకమును, 1993లో బెల్జియములో బయటపడిన ఉదంతము చెరిపివేసినది. సన్నబడుటకు ఇచ్చిన చీనా మూలికలలో అరిస్టొలోకియా జాతి మొక్క చేరుటచే అనేక స్త్రీల మూత్రపిండములు చెడిపోయినవి.

అన్నిటికంటె పెద్ద నష్టము ఆలస్యము. హోరు ఒక్కొక్కప్పుడు మరియొక రోగమునకు సూచన. హఠాత్తుగా ఒక చెవి వినికిడి తగ్గి హోరు పుట్టినచో అది అత్యవసరము. స్టెరాయిడు మందులు రెండు వారములలోపు ఆరంభించినచో మేలు కలుగు అవకాశము ఎక్కువ. పది మార్లు సూదులు ముగియునప్పటికి ఆ గడువు దాటిపోవును. ఒకే చెవిలో నిలిచిన హోరు శ్రవణనాడిపై కణితికి గుర్తు కావచ్చును. నాడికొట్టుకొనినట్లు తాళముగ వినిపించు హోరునకు రక్తనాళములలో కారణముండవచ్చును. కొన్నిచోట్ల కారణము చెవిలో గట్టిపడిన గులిమియే! ఆస్పిరిన్ పెద్దమోతాదులు, మలేరియాకిచ్చు క్వినైను హోరు పుట్టించును; మానినచో సాధారణముగ తగ్గును. క్షయకిచ్చు స్ట్రెప్టోమైసిన్ చేయు హాని మాత్రము నిలిచిపోవచ్చును.

కనుక స్టూవర్టుపురపు కూలివానికి ముందుగ కావలసినది చెవిని దీపముతో చూచు వైద్యుడు, వినికిడిని కొలుచు యంత్రము. బాపట్ల, చీరాల ఊరికి దగ్గరనే యున్నవి. పెద్దపరీక్షలకు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి కలదు. బధిరత్వ నివారణకు కేంద్రప్రభుత్వము 2007లో ఆరంభించిన జాతీయ కార్యక్రమపు ఉద్దేశము, ఈ సదుపాయములను జిల్లాలకు చేర్చుటయే. మంచి యంత్రము గ్రామమునకు దూరమైనంతకాలము సూది దగ్గరగనుండును. సూదివైద్యమును విమర్శించువారు ఈ లోపమును కూడ విమర్శింపవలెను.

'దీనికి మందులేదు, పొమ్ము' అని రోగిని పంపివేయు ఆధునిక వైద్యుడును దోషియే. మందు లేదుగాని ఉపశమనము కలదు. వినికిడి తగ్గినవారికి శ్రవణయంత్రము అమర్చినచో బయటి శబ్దములు హోరును కప్పును. రాత్రి పంకా చప్పుడో, సన్నని సంగీతమో తోడుండుట మేలు. హోరును శత్రువుగ భావించి భయపడు మనస్సును క్రమముగ త్రిప్పు సంభాషణా చికిత్స బాధను తగ్గించునని 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 28 పరీక్షలనుండి తేల్చినది. హోరు పోదు, దాని పీడ తగ్గును. సూదివైద్యుని గదిలో రోగికి దక్కిన ఊరట చాలవరకు ఇట్టిదేయని తోచును. అరగంట ఓపికగ వినుట ప్రభుత్వాసుపత్రి వైద్యుడు అతని వద్ద నేర్వదగిన గుణము. దానికి సూదులు అక్కరలేదు.

హోరును రానీయకుండుట అన్నిటికంటె సులభము. వారమునకు 40 గంటలు వినుటకు 80 డెసిబెల్లులను మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. మన 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. పెండ్లి ఊరేగింపులలో, జాతరలలో మ్రోగు ధ్వనివర్ధకములు ఈ హద్దును ఎరుగవు. చెవిప్రక్కన ప్రేలిన ఒక్క టపాకాయ జన్మమంతయు మ్రోగవచ్చును. చచ్చిన రోమకణమును చీనా సూదియు మొలిపింపలేదు, అమెరికా మందును మొలిపింపలేదు. ఉన్నవానిని కాపాడుకొనుట ప్రతి గ్రామమునకును నేడే సాధ్యమైన పని. ఇప్పటికే హోరు పట్టినవారు మొదట చెవిని, వినికిడిని పరీక్ష చేయించుకొని, ప్రమాదసూచనలు లేవని తేలిన పిమ్మటనే తక్కిన వైద్యముల మాట తలపెట్టుట క్షేమము.